గొంగడి దిగిన మనిషి

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే మాట కాదు, జనగామలో మా కాలేజీ స్టాఫ్ రూం మొత్తం ఒప్పుకున్న మాట. ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతాను. ఎక్కడో ఒక యుద్ధం మొదలైందంటే ఆ రోజు నా టిఫిన్ డబ్బా మూత తెరుచుకోదు. పేపరు ముందు పరుచుకుని తప్పు ఎవరిదో తేల్చేదాకా నేను ఊరుకోను, పక్కవాళ్లను ఊరుకోనివ్వను.

ఇక్కడ చెప్పబోయే యుద్ధం పేరు రాయడం లేదు. ఒక బలమైన దేశం, దాని సరిహద్దుకు అవతల బలం లేని జనం. పేరు రాస్తే చదివేవాళ్లు ఆ క్షణమే ఏదో ఒక వైపు వెళ్లి కూర్చుంటారు. ఆ తర్వాత మా బాపు గురించి నేను ఏం చెప్పినా చెవికెక్కదు. నేను చెప్పాలనుకున్నది మా బాపు గురించే, అంటే మా నాన్న గురించే.

స్టాఫ్ రూంలో నా ఎదురు కుర్చీ ఎకనామిక్స్ సారుది. ఆయనది రఘునాథపల్లి దగ్గర పల్లె. భూమి ఉన్న కుటుంబం, వాళ్ల చిన్నాయన ఒకప్పుడు సర్పంచి. మనిషి మంచివాడే, నాకు జ్వరమొస్తే నా క్లాసులు కూడా ఆయనే చెబుతాడు. కానీ నోరు తెరిస్తే దేశ ప్రయోజనం తప్ప ఇంకో మాట ఉండదు.

"ఇండ్లు కూలుతుంటే నాకు మాత్రం బాధ లేదా మేడమ్? కానీ గా దేశంతోని తగాదా పెట్టుకుంటే మనకెట్ల నడుస్తది? నూనె రావాలె, ఎరువు రావాలె, మనోళ్లు ఆడ పనిజేస్తున్నరు. మా నాయిన ఇయాళ పొద్దుగాల యూరియా కోసం సొసైటీ కాడ లైన్ల చెప్పులు పెట్టి వచ్చిండు. మీ న్యాయం జర పోయి ఆయనకు చెప్పుండ్రి" అన్నాడు ఒక రోజు.

చెప్పుల సంగతి మా వైపు వాళ్లందరికీ తెలిసిందే. యూరియా లారీ వస్తుందని తెలిస్తే రైతులు తెల్లవారకముందే సొసైటీ గోదాము ముందు చేరతారు. ఎండ ముదిరేసరికి నిలబడలేక చెప్పులు విడిచి లైన్లో పెట్టి, పక్కన నీడలో కూర్చుంటారు. గేటు నుంచి రోడ్డు దాకా అన్నీ చెప్పులే. ఒకరి చెప్పుల్ని ఇంకొకరు జరపరు. ఎంత గొడవ పడే మనిషైనా ఆ పని మాత్రం చెయ్యడు.

"అయితే రేపు మన మీదికి ఎవడన్న వచ్చిండనుకో సార్, పక్క దేశపోళ్లు గూడ వాళ్ల యూరియా చూసుకుంటరు. అప్పుడు మనం ఏడ్వొద్దు మరి" అన్నాను.

ఆయన నవ్వి పరీక్ష పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

ఆ మంట చల్లారకముందే భూపాలపల్లి నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. చెల్లె మొగుడు బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు మీద లారీ నడుపుతాడు. కొడుకు ఐటీఐ చదివి ఒక షెడ్డులో వెల్డింగ్ పని చేస్తున్నాడు. పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల లేదు. ఇంటి గోడలు స్లాబు దాకా లేచి, మొండిగా నిలబడి ఏళ్లయింది. ఇప్పుడు ఆ పిల్లవాడికి బయటి దేశంలో భవనాలు కట్టే పని దొరికేలా ఉందని చెల్లె గొంతు పొంగిపోతోంది. ఏ దేశమని అడిగాను. చెప్పింది. నేను పొద్దున్నుంచి తిడుతున్న దేశమే.

"పరేషాన్ కాకు అక్కా. మన తండా పిలగాండ్లు ఇద్దరు ఆడనే ఉన్నరు, మంచిగనే ఉన్నరు. ఏజెంటు ఒక్కటే అడుగుతున్నడు. కొత్తగూడ సెంటర్ల ఫ్లెక్సీ కడ్తడంట, గా దేశానికి మా తండా మద్దతని. అండ్ల బాపు ఫొటో ఉండాలంట. బాపు చెప్పిండంటె చుట్టుపక్కల తండాలు ఇంటయి గదా, ఇంకింతమంది పిలగాండ్లు పనికి వస్తరని వాని ఆశ. బాపు ఒప్పుకుంటె మావోని పేరు ముందు పెడ్తడంట. నువ్వు బాపుకు జర చెప్పు."

"చెప్తా" అన్నాను. ఏం చెప్తానో మాత్రం చెప్పలేదు. శనివారం పొద్దున రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, మా తండాకు పోయే కొత్తగూడ బస్సు పట్టుకున్నాను. మనసులో ప్రసంగం తయారుగా ఉంది. బాపు ఫ్లెక్సీని కాదనాలి. అంతటితో ఆగకుండా మనవడిని ఆ దేశానికి పోవద్దనాలి. ఇళ్లు కూల్చే వాళ్ల దగ్గర మన ఇంటి పిల్లవాడు గోడలు కట్టడమేమిటి?

గూడూరు దాటి బస్సు అడవిలోకి వెళ్లాక ప్రసంగం పక్కకు పోయి, మా ఇంట్లో చూరుకు కట్టి ఉండే నల్ల గొంగడి గుర్తొచ్చింది. మా తండాలో తగాదా వస్తే ఆ గొంగడి పరుస్తారు. తీర్పు చెప్పే పెద్దమనుషులు దాని మీద కూర్చుంటారు, తగాదా పడ్డవాళ్లు నేల మీద. దానికొక కట్టుబాటు ఉంది. తగాదాలో తనకు ఏ కొంచెం లాభం ఉన్నా సరే, ఆ పెద్దమనిషి ఆ లాభమేమిటో అందరి ముందూ చెప్పి గొంగడి దిగాలి. దిగినవాడు ఇక తీర్పు చెప్పకూడదు. కానీ లేచి ఇంటికి పోకూడదు. తాను కళ్లతో చూసింది ఏదైనా ఉంటే నేల మీద కూర్చుని చెప్పి తీరాలి. దిగడం తేలికే. దిగాక చెప్పడమే ఎవరికైనా కష్టం.

నా చిన్నప్పుడు బాపు అలా దిగడం చూశాను. మా మిరపతోటకు పక్కాయన బావి నుంచి నీళ్లు వచ్చేవి. ఆ బావి ఆయన ఎడ్లు ఒక ముసలమ్మ మొక్కజొన్న చేను మేసేశాయని తగాదా. తన ఎడ్లు రాత్రంతా కొట్టంలోనే ఉన్నాయని ఆయన ప్రమాణం చేశాడు. బాపు లేచి, "నా తోటకు ఈయన బాయి నీళ్లే దిక్కు, నేను దిగుతున్న" అని నేల మీద కూర్చున్నాడు. అక్కడితో ఆపి ఉంటే అందరూ మెచ్చుకుని ఇళ్లకు పోయేవాళ్లు. బాపు గొంతు సవరించుకుని, "పొద్దుగాల నేను అడివి నుంచి వస్తుంటె ఈయన ఎడ్లు ముసలామె చేన్ల ఉన్నయి. నేనే తోలిన" అన్నాడు.

మరునాటి నుంచి మాకు నీళ్లు బంద్. యాడి, అంటే మా అమ్మ, వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసి మిరప మొక్కలకు పోసింది. మోసిన ప్రతి బిందెకూ బాపును తిట్టింది. బాపు కూడా కావడి మోస్తూ, తిట్లకు బదులు చెప్పకుండా నడిచాడు. తోట సగం కూడా దక్కలేదు. అయితే కొన్నేళ్లకు ఆ బావి ఆయనకే అన్నదమ్ముల పంపకాల గొడవ వచ్చింది. గొంగడి మీద మా బాపు కూర్చుంటే తప్ప పంచాయితీకి రానని ఆయన మొండికేశాడు. ఆయన ఆ మాట మా ఇంటికొచ్చి చెప్పిన రోజు యాడి బాపును తిట్టలేదు. ఆయనకు ఇష్టమని జొన్నరొట్టెలోకి వెల్లుల్లి కారం నూరింది.

నేను తండాకు చేరేసరికి బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని పక్కింటావిడ ఫోన్‌లోకి తొంగి చూస్తున్నాడు. పక్కింటావిడ కొడుకు ఆ దేశంలో ఉన్న ఇద్దరిలో ఒకడు. వీడియో కాల్‌లో తాము ఉండే గది తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. మంచాలు, గ్యాస్ పొయ్యి, కిటికీలోంచి పెద్ద పెద్ద క్రేన్లు. మేం ఇంట్లో మాట్లాడుకునేది మా తండా భాష. ఇక్కడ మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"గా మంచం కింద ఏందిరా?" అన్నాడు బాపు.

ఫోన్ కిందికి వంగింది. మంచం కింద వరసగా చెప్పులు, బూట్లు. కొన్నింటి మీద సిమెంటు గడ్డకట్టి ఉంది.

"గవా? మాకంటె ముందు ఈ రూముల ఉన్నోళ్లయి తాతా. బార్డరు అవుతలి నుంచి వచ్చి పనిజేసెటోళ్లంట. లడాయి సురువైన పొద్దు ఇంటికి పోయిన్రు. మల్ల రానియ్యలేదు. వాళ్ల జాగలనే మమ్ముల తీస్కున్నరు. మంచిగున్నయి మేం తొడుక్కుంటున్నం" అని వాడు కాలెత్తి చూపించాడు.

బాపు ఫోన్ పక్కింటావిడకు ఇచ్చేసి, నా వైపు తిరిగి అన్నం తిన్నావా అన్నాడు.

తిన్నాక నేను నా ప్రసంగం మొదలుపెట్టాను. బాపు అడ్డు రాకుండా విన్నాడు. చివరకు, "వాడు పోకుంటె గాడ లడాయి ఆగుతదా బిడ్డా?" అన్నాడు.

"ఆగదు. కానీ మనం ఆ తప్పుల పాలు పంచుకోవద్దు."

"మరి వాని ఇంటికి స్లాబు నువ్వు పోపిస్తవా?"

బాపు నవ్వాడు. "నువ్వు మంచిగ చదువుకున్నవు. న్యాయం నీకు తెల్సు, నేను కాదన. కానీ నువ్వు గూడ గొంగడి మీద కూసునేటందుకు లేదు. వాడు పోకుంటె నీకేం పోదు. పోకుండ ఆపితె మీ కాలేజీల నీకు మస్తు పేరొస్తది. లాభమంటె డబ్బొక్కటే అనుకుంటున్నవా?"

నాకు ఎంత కోపం వచ్చిందంటే, లేచిపోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. బాపు వాకిట్లోంచి, "గిన్నెలు సొట్టలు పోతయి బిడ్డా" అని కేకేశాడు. నాకు నవ్వొచ్చింది, కానీ వినపడనివ్వలేదు.

సాయంత్రం కాస్త చల్లబడ్డాక మళ్లీ వెళ్లి పక్కన కూర్చున్నాను. "వాని సంగతి ఇడిసిపెట్టు. దేశం సంగతి చెప్పు. మన దేశానికి గా దేశంతోని పని ఉన్నది. మరి మన దేశం ఏం మాట్లాడాలె?"

"పాఠం చెప్పేది నువ్వు, నన్నడుగుతవేంది?" అన్నాడు. కాసేపు బీడీ కాల్చి, తర్వాత తనే మాట్లాడాడు. "పని ఉంటె ఉన్నదని చెప్పాలె. ఎరువు కొనుక్కోవాలె, పిలగాండ్లను పనికి పంపాలె. కడుపు ఉన్నది గదా, దేశానికి గూడ ఉంటది. కానీ అవసరాన్ని అవసరమనే అనాలె. దానికి న్యాయమని పేరు పెడ్తె ఎట్ల? రేపు మనకే న్యాయం అక్కరకొస్తది. అప్పుడు గా మాట మన నోట్లె ఎంగిలై ఉంటది."

నేను కాలేజీలో ఏళ్లుగా చెప్పే పాఠంలో ఈ సంగతి లేదు. ఒక పేజీలో నైతికత ఉంటుంది, ఇంకో పేజీలో జాతీయ ప్రయోజనం ఉంటుంది. రెండింటినీ సమతూకం చేయాలని రాసి ఉంటుంది. తూకం వేసేవాడి చెయ్యి ఏ పళ్లెం మీద ఉందో ముందు చెప్పమని ఎవరూ రాయలేదు. అయినా నా కోపం పూర్తిగా పోలేదు. అవసరమని ఒప్పుకున్నంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోతుందా? అదే మాట బాపును అడిగితే, "పోదు" అన్నాడు. అంతే అన్నాడు.

ఆదివారం పొద్దున చెల్లె, ఆమె కొడుకు భూపాలపల్లి నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చారు. చెల్లె కొత్త చీర కట్టుకుంది. పిల్లవాడు తలకు నూనె రాసి పాపిడి తీసుకుని, ఇంటర్వ్యూకు పోతున్నట్టు ఉన్నాడు. ఆ వెంటనే ఏజెంటు కారు వచ్చింది. మహబూబాబాద్‌లో చిన్న ఆఫీసు పెట్టుకున్న మనిషి. వయసులో ఉన్నవాడు, మర్యాద తెలిసినవాడు. అందరికీ దండం పెట్టి, కారులోంచి చుట్టిన ఫ్లెక్సీ తీశాడు. ఒప్పుకుంటాడో లేదో అడగకుండానే అచ్చు వేయించుకొచ్చాడు.

ఫ్లెక్సీ విప్పారు. ఎవరో పెళ్లి వీడియోలోంచి తీసిన బాపు ఫొటో, ఎర్ర తలపాగా, మెలితిప్పిన మీసం. పక్కన ఆ దేశాధినేత. కొలతలు ఎవరు చూశారో గానీ, బాపు తల ఆయన తలకంటే రెట్టింపు ఉంది. కింద "న్యాయం వైపు నిలబడ్డ దేశానికి మా తండా మద్దతు" అని పెద్ద అక్షరాలు. పిల్లలు ఈలలు వేశారు. బాపు తన ఫొటోను అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని, "మీసం మంచిగ పడ్డది" అన్నాడు. అందరూ నవ్వారు, చెల్లె అందరికంటే గట్టిగా నవ్వింది.

అక్కడే ఏజెంటు ఒక పొరపాటు చేశాడు. పెద్దాయనకు గౌరవమనుకుని, చూరుకున్న గొంగడి తెప్పించి పరిపించాడు. బాపును దాని మీద కూర్చోబెట్టి, ఫోన్ కెమెరా పట్టుకుని, "తాతా, న్యాయం ఎవరి దిక్కున్నదో నీ నోటితోని ఒక్క మాట చెప్పు, వీడియో తీస్కుంట" అన్నాడు.

తండా వాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఫొటో దిగడం వేరు. గొంగడి పరిచి న్యాయం అడగడం వేరు. ఏజెంటుకు అది తెలియదు. బాపు చెల్లె వైపు చూశాడు. చెల్లెకు తెలుసు. ఆమె తల అడ్డంగా ఊపింది, వద్దు బాపు అన్నట్టు.

బాపు మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. గొంగడి దిగి ఎర్రమట్టిలో కూర్చున్నాడు. ఏజెంటుకు అర్థం కావాలని తెలుగులోనే మాట్లాడాడు.

"నా బిడ్డ కొడుకు గా దేశం పోవాలని కూసున్నడు. వాడు పోతె నా బిడ్డ ఇల్లు నిలవడ్తది. వాడు పోవాలని నాకున్నది. గందుకె దిగిన. న్యాయం ఎవరిదో నేను చెప్ప."

ఏజెంటు తేరుకుని, "సరే తాతా, గా మాట వద్దు తియ్యి. ఊకె దండం పెట్టు, చాలు" అన్నాడు.

"ఆగు బిడ్డా, నాది అయిపోలే. తీర్పు చెప్పొద్దు గని చూసింది చెప్పాలె మా కాడ. నిన్న నేను ఫోన్ల చూసిన. మనోళ్లు పండుకునే మంచాల కింద ఎవలియో చెప్పులున్నయి. సిమెంటు పని జేసినోళ్ల చెప్పులు. ఇంటికి పోయి మల్ల వద్దామనుకున్నోళ్లు, వాళ్లను రానియ్యలేదు. యూరియా లైన్ల మనం చెప్పులు పెడ్తం. చెప్పులున్నయంటె మనిషి ఉన్నట్టు. ఎవ్వలన్న జరుపుతరా? తొడుక్కొని పోతరా? మరి గా మంచాల కింద చెప్పులున్నయి. వాళ్ల లైను ఇంక ఉన్నట్టే లెక్క. నేను చూసింది గిదే."

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెప్పులు తొడుక్కున్నది ఆమె కొడుకే.

బాపు ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించాడు. "నా ముఖం కింద న్యాయమని రాసినవు. గది తీసి, మాకు అవసరమున్నది అని రాయి. కట్టుకో. నేనే వచ్చి తాడు పడ్త."

"అట్ల ఎవలన్న రాస్తరా తాతా?" అన్నాడు ఏజెంటు. పాపం, నిజంగానే అడిగాడు.

"గదే గదా. ఎవలు రాయరు" అన్నాడు బాపు.

ఏజెంటు కోపగించుకోలేదు. చాయ్ కూడా తాగాడు. ఫ్లెక్సీ మాత్రం తీసుకుపోలేదు. నాలుగు రోజులకు చెల్లె కొడుకుకు ఫోన్ చేసి ఈసారికి కుదరలేదని చెప్పాడు. ఆ సంగతి చెల్లె నాకు ఫోన్‌లో చెప్పింది. "నీ బాపు ఒక్క మాటకు నా కొడుకు బతుకు మొదటికొచ్చింది" అని పెట్టేసింది. మన బాపు అనలేదు.

నేను కోరుకున్నది అదే కదా. పిల్లవాడు పోవద్దనే కదా రైలెక్కి వచ్చింది. మరుసటి ఆదివారం భూపాలపల్లి పోయి, ఆ మొండి గోడల మధ్య చెల్లె పెట్టిన అన్నం తింటూ, స్లాబు రావలసిన చోటే చూస్తున్నాను. పిల్లవాడు షెడ్డు నుంచి వచ్చాడు. వెల్డింగ్ మంటకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నా పక్కన కూర్చుని మెల్లగా, "తాత తప్పు మాట్లాడలే పెద్దమ్మా. కానీ నాకు పోవాల్నని ఉండె" అన్నాడు. వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

కాలేజీలో ఎకనామిక్స్ సారుకు అంతా చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టి, "మీ బాపు పెద్ద మనిషి మేడమ్, దండం పెట్టాలె. కానీ ఆయనకు మిరపతోట ఎండింది, ఇప్పుడు మనవని పని పోయింది. దేశం గిట్ల గొంగడి దిగితే, ఎండే తోట మనందరిది. ఎవలు తట్టుకుంటరు?" అన్నాడు.

మామూలుగా అయితే నేను లేచి నిలబడేదాన్ని. ఆ రోజు కూర్చునే విన్నాను. ఆయన అడిగింది నిజమైన ప్రశ్న. నాకు ఇప్పటికీ పూర్తి జవాబు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. తోట ఎండుతుందని తెలిసి కూడా చూసింది చెప్పిన మనిషి ఒకరు ఉన్నారు, ఆయన కడుపున నేను పుట్టాను. ఆ గర్వం నాకు ఎంత ఉందంటే, క్లాసులో విదేశాంగ విధానం మొదలుపెట్టినప్పుడల్లా ముందు గొంగడి సంగతి చెబుతాను. పిల్లలు పరీక్షలో అది రాస్తే మార్కులు రావని కూడా చెబుతాను.

బాపు కూడా రాయేమీ కాదు. చెల్లె ఫోన్ ఎత్తకపోతే నాకు చేసి, ఏదో పంట సంగతి మాట్లాడి, చివర్లో "చెల్లె మంచిగున్నదా?" అనేవాడు. మిర్చి ఆరబోసే కాలం వచ్చింది. ఫ్లెక్సీని తిరగేసి కల్లంలో కాయల మీద కప్పాడు. గాలికి మూల లేచినప్పుడల్లా కింద నుంచి ఆయన మీసమే కనపడేది.

శ్రావణంలో తీజ్ పండుగ వచ్చింది. మా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, ఆడి పాడి నీళ్లలో కలిపే పండుగ. దానికి చెల్లె రాకుండా ఉండలేదు. వచ్చింది, అందరితో మాట్లాడింది, బాపుతో తప్ప. ఆయనకు అన్నం కూడా నా చేత పంపించింది.

మధ్యాహ్నం వాకిట్లో అందరం కూర్చుని ఉండగా పక్కింటావిడ ఫోన్ తెచ్చింది. కొడుకు తాతతో మాట్లాడాలంటున్నాడట. బాపుకు కంట్లో శుక్లం పెరిగి సరిగా కనిపించడం లేదు. ఆయన ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి ఇబ్బంది పడుతుంటే, పక్కనే మొలకల బుట్ట సర్దుతున్న చెల్లె విసుక్కుంటూ ఫోన్ లాక్కుంది. ఆయనకు కనిపించేలా పట్టుకుంది.

"తాతా, గిటు చూడు" అన్నాడు ఆ పిల్లవాడు. అటక మీద సిమెంటు సంచి ఒకటి మూతి కట్టి ఉంది. "గా చెప్పులు మొత్తం అండ్ల పెట్టినం. కడిగి, సిమెంటు గీకి పెట్టినం. రూము మారితె గూడ పట్టుకపోతం. ఎవలన్న వస్తే ఇస్తం."

బాపు ఫోన్ మీదికి వంగాడు. ఫోన్ పట్టుకున్న చెల్లె తెర వైపే చూస్తోంది. ఆమె కొడుకు పడుకోవలసిన గది అది. ఆ మంచాల్లో ఒకటి వాడికి రావలసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టడం మొదలుపెడుతుందని నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"తడ్వకుంట పెట్టిన్రారా?" అంది చెల్లె. "ఊకె మూట గట్టి పెడ్తె బూజు పడ్తది. అప్పుడప్పుడు తీసి ఎండల పెట్టుండ్రి."

"పెడ్తం అత్తా" అన్నాడు వాడు.

చెల్లె కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫోన్ బాపు చేతిలో పెట్టింది. "ఇగో, నీతోనే మాట్లాడ్తడంట. మాట్లాడు బాపు."